దాతోంగ్‌లో ఏది పాత, ఏది కొత్త?

బీజింగ్‌కు పడమరగా సుమారు 300 కిలోమీటర్ల దూరంలో, షాన్‌షీ రాష్ట్రం ఉత్తరపు కొసన ఉంటుంది దాతోంగ్. కొన్నేళ్ల కిందటి దాకా చైనాలో ఈ పేరు వింటే ముందు బొగ్గే గుర్తొచ్చేది. ఇప్పుడు యున్‌గాంగ్ బౌద్ధ గుహలు, కొండకు అతుక్కుని నిలబడ్డ ఆలయం, ఊరి చుట్టూ ఎత్తయిన కోటగోడ గుర్తొస్తాయి. ఆ గోడ మింగ్ చక్రవర్తుల నాటిదని గైడ్లు చెబుతారు. అది అబద్ధం కాదు. అలాగని పూర్తి నిజమూ కాదు. లోపలి మట్టికట్ట 1372 నాటిది, కొంత ఇంకా పాతది. పైన మనకు కనిపించే ఇటుక మాత్రం 2008 తర్వాత పేర్చింది.

చిక్కు గోడ దగ్గరే ఆగదు. చైనా నాగరికతకు గర్వకారణంగా దాతోంగ్‌లో చూపించే కట్టడాల్లో చాలావాటిని కట్టించింది దేశంలో అధిక సంఖ్యాకులైన హాన్ చైనీయులు కాదు. తోబాలు, ఖితాన్లు, జుర్చెన్లు. అందరూ ఉత్తరం నుంచి గుర్రాల మీద దిగివచ్చి ఇక్కడి రైతులను ఏలినవాళ్లు. రాజ్యాన్ని కత్తితో గెలుచుకోవచ్చు. ఆ తర్వాత జనం చేత 'వీళ్లు మా రాజులే' అనిపించుకోవడం కష్టం. ఆ అనిపించుకోవడం కోసం పడ్డ ప్రయాసే దాతోంగ్‌లో రాయిగా, కలపగా మిగిలిందని నా అభిప్రాయం. ఈ సంగతి మనసులో పెట్టుకుని చూస్తే ఊళ్లో ఒక్కో కట్టడం ఎందుకు అక్కడుందో, ఎందుకు అలా ఉందో అర్థమవుతుంది.

ముందు నేల సంగతి. దాతోంగ్ సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల పైచిలుకు ఎత్తున ఉన్న మైదానం. ఉత్తరాన మంగోలియా గడ్డిభూములు, దక్షిణాన జొన్న, గోధుమ పండే పొలాలు. మహాకుడ్యం ఈ ప్రాంతంలో రెండు వరసలుగా చీలుతుంది. ఆ రెంటి మధ్య ఉంది దాతోంగ్. గుర్రాలవాళ్లకు ఇది చైనాలోకి వాకిలి, చైనావాళ్లకు ఆఖరి కాపలా ఠాణా. క్రీ.పూ. 200లో హాన్ వంశ స్థాపకుడు ల్యూ బాంగ్ షియోంగ్ను తెగల మీదికి దండెత్తి వచ్చి, ఈ ఊరి పక్కనున్న బాయ్‌దెంగ్ కొండ దగ్గర ఏడు రోజుల పాటు ముట్టడిలో ఇరుక్కుపోయాడు. ఎలాగో బయటపడ్డాక యుద్ధం మాట మానుకుని, రాజకుటుంబపు పిల్లను, పట్టుబట్టలను కానుకగా పంపించే పద్ధతి మొదలుపెట్టాడు. తర్వాత శతాబ్దాల పాటు చైనా ఉత్తర సరిహద్దు రాజకీయం ఆ పద్ధతి చుట్టూ తిరిగింది.

అసలు కథ క్రీ.శ. 398లో మొదలవుతుంది. షియెన్‌పెయ్ జాతికి చెందిన తోబా తెగ నాయకుడు తోబా గుయ్ తన రాజధానిని ఇక్కడికి మార్చాడు. అప్పుడు ఈ ఊరి పేరు పింగ్‌చెంగ్. ఆ వంశాన్ని చరిత్రలో ఉత్తర వెయ్ అంటారు. తర్వాత 96 ఏళ్లు ఇది రాజధాని. ఊరిని నింపడానికి తోబాలు ఎంచుకున్న దారి బలవంతపు వలస. గెలిచిన ప్రతి రాజ్యం నుంచి రైతులను, పనివాళ్లను, పండితులను కుటుంబాలతో సహా తరలించుకొచ్చారు. 439లో పట్టుమార్గం మీదున్న ల్యాంగ్‌జౌ రాజ్యాన్ని గెలిచినప్పుడు అక్కడి నుంచి ముప్పై వేల కుటుంబాలను పట్టుకొచ్చారని అప్పటి చరిత్ర చెబుతుంది. వాళ్లలో బౌద్ధ భిక్షువులున్నారు. మధ్య ఆసియా దారిలో గుహలు తొలిచి బొమ్మలు చెక్కడం చూసి ఎరిగినవాళ్లూ ఉన్నారు. యున్‌గాంగ్‌కు పునాది ఇదే.

అయితే ఆ పునాది పడిన ఏడేళ్లకే అంతా తలకిందులైంది. 446లో చక్రవర్తి తైవూ బౌద్ధం మీద విరుచుకుపడ్డాడు. చాంగాన్‌లోని ఒక విహారంలో ఆయుధాలు దొరికాయన్నది కారణం. వెనక నుంచి ఎగదోసింది మంత్రి ట్స్వీ హావ్, తావో మతాభిమాని. విగ్రహాలు పగలగొట్టారు, గ్రంథాలు కాల్చారు, చిక్కిన భిక్షువులను చంపారు. 452లో తైవూ సొంత అంతఃపురపు నపుంసకుడి చేతిలో చచ్చాక మనవడు వెన్‌చెంగ్ గద్దెనెక్కి బౌద్ధాన్ని మళ్లీ నిలబెట్టాడు. అప్పుడు తెర మీదికి వచ్చినవాడు తాన్‌యావ్ అనే భిక్షువు. రాజుగారి గుర్రం దారిలో ఈయన వస్త్రం అంచు కొరికి పట్టుకుందనీ, గుర్రానికి మంచివాళ్లు తెలుస్తారని రాజు ఆయనను గురువుగా గౌరవించాడనీ ఉత్తర వెయ్ చరిత్రలో ఉంది. 460 ప్రాంతంలో తాన్‌యావ్ కోరిక మీద ఊరికి పడమర వూజౌ కొండలో ఐదు గుహలు తొలవడం మొదలైంది. ఇప్పుడు వాటికి 16 నుంచి 20 దాకా నంబర్లు.

ఆ ఐదు గుహల్లో ఐదు మహావిగ్రహాలు. ఐదుగురు చక్రవర్తుల పేరిట ఐదుగురు బుద్ధులు. మతమూ రాజ్యమూ ఇంత సూటిగా ఒప్పందం చేసుకున్న చోటు ప్రపంచంలో అరుదు. అంతకు ముందే ఫాగువో అనే సంఘనాయకుడు, రాజే ఈ కాలపు తథాగతుడు కాబట్టి రాజుకు మొక్కితే బుద్ధుడికి మొక్కినట్టేనని తీర్మానించాడు. వెన్‌చెంగ్ పోలికలతో చెక్కిన ఒక రాతి విగ్రహం ముఖం మీద, పాదాల మీద నల్లరాళ్లు బయటపడ్డాయనీ, అవి రాజు ఒంటి మీది పుట్టుమచ్చలతో సరిపోయాయనీ చరిత్రలో రాసుకున్నారు. దీని వెనక రెండు పక్షాలకూ లాభముంది. పరాయి తెగ రాజుకు దైవత్వం వచ్చింది. నిన్నటి దాకా నరికివేతకు గురైన సంఘానికి రక్షణ దొరికింది. రాజే బుద్ధుడైతే రేపొచ్చే రాజు విగ్రహాలు పగలగొట్టాలంటే సొంత తాతముత్తాతలనే పగలగొట్టాలి. తాన్‌యావ్ ఎంత దూరం ఆలోచించాడో!

డబ్బు సంగతీ ఆయనే చూసుకున్నాడు. కొన్ని కుటుంబాలను 'సంఘ కుటుంబాలు'గా లెక్కగట్టి, అవి ఏటా ఇంత ధాన్యమని సంఘానికి కొలవాలనీ, కరువొస్తే సంఘం ఆ ధాన్యాన్ని జనానికి పంచాలనీ ఏర్పాటు చేయించాడు. నేరస్థులనూ, ప్రభుత్వ బానిసలనూ విహారాల్లో చాకిరీకి కేటాయించే ఏర్పాటు ఇంకొకటి. ఆ చెమటను కూడా లెక్కలో వేసుకోవాలి. బుద్ధుడి ముఖంలోని ప్రశాంతతను చూసి మురిసిపోయి, దాని కింద రాళ్లు మోసినవాళ్లను మరిచిపోవడం న్యాయం కాదు.

యునెస్కో లెక్క ప్రకారం యున్‌గాంగ్‌లో చిన్నా పెద్దా కలిపి 252 గుహలు, గూళ్లు, 51 వేల విగ్రహాలు. 2001లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఈ అంకెలు చదివి వెళ్లినవాళ్లు ఎక్కడ నిలబడి చూడాలో తెలియక తికమకపడతారు. నేనైతే మూడు చోట్ల ఆగమంటాను.

మొదటిది 20వ గుహ. ముందు గోడ ఎప్పుడో కూలిపోవడంతో 13.7 మీటర్ల బుద్ధుడు ఆరుబయట కూర్చున్నట్టుంటాడు. విశాలమైన భుజాలు, పలచని మీసం, ఒంటిని అంటిపెట్టుకున్న వస్త్రం మడతలు. గాంధారం, మధుర శైలులు మధ్య ఆసియా మీదుగా ఇక్కడికి చేరిన తీరు ఆ భుజాల్లోనే కనిపిస్తుంది. రెండోది 6వ గుహ. అక్కడి బుద్ధుడు పూర్తిగా మారిపోయాడు. వదులుగా జారే అంగీ, ఛాతీ దగ్గర ముడివేసిన పట్టీ, అచ్చం చైనా ఆస్థాన అధికారి వేషం. రెండింటి మధ్య గడిచింది దాదాపు ముప్పై ఏళ్లే. ఆ ముప్పై ఏళ్లలో తోబా రాజులు తమ దుస్తులు విప్పేసి చైనా దుస్తులు తొడుక్కున్నారు, వాళ్ల బుద్ధుడూ తొడుక్కున్నాడు. శాసనం చదవడం రాకపోయినా బట్టలు చూసి కాలం చెప్పవచ్చు.

మూడోది 8వ గుహ వాకిలి. తెలుగువాళ్లు ఇక్కడ తప్పకుండా ఆగాలి. వాకిలికి ఒక పక్క మూడు తలలు, ఎనిమిది చేతులతో ఎద్దు మీద కూర్చున్న దేవుడు. పై చేతుల్లో సూర్యచంద్రులు, ఒక చేతిలో ద్రాక్షగుత్తి. ఆయన మహేశ్వరుడు. ఎదుటి పక్క ఐదు తలలు, ఆరు చేతులతో పక్షి మీద కూర్చున్నవాడిని కుమారదేవుడంటారు. ఆ పక్షిని నెమలిగా కొందరు, గరుడుడిగా, పైనున్నవాడిని విష్ణువుగా మరికొందరు గుర్తిస్తారు. మహాకుడ్యం నీడలో, బుద్ధుడి గుమ్మానికి ద్వారపాలకులుగా మన శివుడు, కుమారస్వామి! ద్రాక్షగుత్తి శివుడి చేతిలోకి మధ్య ఆసియా దారిలో వచ్చింది. ముఖాలు చిన్నపిల్లల ముఖాల్లా గుండ్రంగా, నవ్వుతూ ఉంటాయి. ఉగ్రం ఎక్కడా లేదు.

దక్షిణం నుంచి కూడా ఈ ఊరికి దారి ఉండేది. 455 ప్రాంతంలో సింహళం నుంచి ఐదుగురు భిక్షువులు మూడు బుద్ధ విగ్రహాలు పట్టుకుని పింగ్‌చెంగ్ వచ్చారని చరిత్ర నమోదు చేసింది. వాళ్లలో ఒకరి పేరు బుద్ధనంది. అంతకు రెండు వందల ఏళ్ల ముందే నాగార్జునకొండలో సింహళ విహారం ఉందని అక్కడి శాసనం చెబుతుంది. అప్పటి బౌద్ధ లోకం ఎంత దూరాలను కలిపిందో ఈ రెండు సంగతులు పక్కపక్కన పెట్టుకుంటే తెలుస్తుంది.

494లో చక్రవర్తి షియావ్‌వెన్ రాజధానిని దక్షిణాన లోయాంగ్‌కు మార్చేశాడు. ఆస్థానంలో షియెన్‌పెయ్ భాష మాట్లాడకూడదన్నాడు. 496లో తన ఇంటిపేరు తోబాను తీసేసి యువాన్ అని చైనా ఇంటిపేరు పెట్టుకున్నాడు. కన్నకొడుకే ఒప్పుకోలేదు. లావుపాటి మనిషి, లోయాంగ్ ఎండ భరించలేక పింగ్‌చెంగ్‌కు పారిపోబోయి పట్టుబడిన యువరాజు చివరికి తండ్రి ఆజ్ఞతో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఉత్తరాన ఠాణాల్లో మిగిలిపోయిన సైనికులు తమను మరిచారన్న కోపంతో 523లో తిరగబడ్డారు. ఆ అల్లర్లలో పింగ్‌చెంగ్ పాడుబడింది, ఆ తర్వాత కొద్ది ఏళ్లకే సామ్రాజ్యమూ రెండుగా చీలిపోయింది. చైనీయులలో కలిసిపోవడం తోబాలకు లాభమా నష్టమా అన్నది చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకునే విషయం. నాకైతే ఎండకు ఓర్వలేని ఆ యువరాజు మీద జాలేస్తుంది.

తర్వాత ఐదు వందల ఏళ్లను వేగంగా దాటేయవచ్చు. 1044లో ఖితాన్ల ల్యావ్ వంశం దాతోంగ్‌ను తమ పశ్చిమ రాజధానిగా ప్రకటించింది. వాళ్లూ ఉత్తరాదివాళ్లే, వాళ్లూ బౌద్ధాన్నే ఆశ్రయించారు. ఊరి మధ్యనున్న హ్వాయెన్ ఆలయం వాళ్లదే. చైనా ఆలయాలు మామూలుగా దక్షిణానికి చూస్తాయి. ఇది తూర్పుకు చూస్తుంది. ఖితాన్లు సూర్యుణ్ని కొలిచేవాళ్లు కనుక అని వివరణ. ప్రధాన మందిరం యుద్ధంలో తగలబడితే ఖితాన్లను గెలిచిన జుర్చెన్లు 1140లో తిరిగి కట్టారు. దాని విస్తీర్ణం 1,559 చదరపు మీటర్లు. దాని కన్నా నాకు ఇష్టమైంది పక్కనున్న చిన్న గ్రంథాలయ మందిరం. 1038 నాటిది. గోడల వెంట కలపతో చేసిన బీరువాలు, వాటి నెత్తిన బొమ్మరిల్లంత మేడలు, వంతెన. లోపలి మట్టి విగ్రహాల్లో ఒక బోధిసత్త్వురాలు చేతులు జోడించి, పళ్లు కొద్దిగా కనబడేలా నవ్వుతుంది. బౌద్ధ శిల్పంలో పళ్లు కనబడటం చాలా అరుదు. ఒక పక్కకు ఒరిగిన నడుము, ఒక కాలి మడమ కాస్త పైకి లేచి ఉండటం చూస్తే మట్టి అని నమ్మబుద్ధి కాదు. 1933లో ఆర్కిటెక్టులు ల్యాంగ్ సిచెంగ్, లిన్ హుయ్‌యిన్ బృందం దాతోంగ్ వచ్చి ఈ ఆలయాలను కొలిచి, గీసి, లోకానికి చూపించింది. ఆ కొలతలే తర్వాత మరమ్మతులకు ఆధారమయ్యాయి.

మింగ్ కాలానికి వచ్చేసరికి పాత్రలు మారాయి. ఇప్పుడు ఊరు హాన్ చైనీయుల చేతిలో ఉంది, పని మంగోలులను ఆపడం. 1372లో సేనాని షూ దా మట్టికట్టకు ఇటుక తొడిగి గోడ కట్టించాడు. చుట్టుకొలత ఏడు కిలోమీటర్లకు పైనే. 1392లో మింగ్ తొలి చక్రవర్తి పదమూడో కొడుకు కోసం కట్టిన రాజభవనం ముందు తొమ్మిది డ్రాగన్ల గోడ లేచింది. 45.5 మీటర్ల పొడవు, 8 మీటర్ల ఎత్తు, రంగురంగుల మెరుగు పలకలు. బీజింగ్ బెయ్‌హాయ్ పార్కులో ఉన్నదాని కన్నా ఇదే పెద్దది, పాతది. భవనం కాలిపోయింది, దృష్టి తగలకుండా కట్టిన గోడ మిగిలింది. 1649లో, మింగ్‌ల తర్వాత గద్దెనెక్కిన మంచూలకు ఎదురు తిరిగినందుకు ఊరి జనాన్ని ఊచకోత కోసి, కోటగోడ పైభాగాన్ని కూడా కొట్టేయించారు. దాతోంగ్ మళ్లీ తేరుకోవడానికి చాలా కాలం పట్టింది.

బొగ్గు చరిత్ర వేరే కథ అనుకుంటారు గానీ, అది గుహల కిందే ఉంది. యున్‌గాంగ్ శిల్పాలు చెక్కిన ఇసుకరాయి జురాసిక్ కాలంది. దాని కింది పొరల్లోనే బొగ్గు. ఒకే లోయ పైన బుద్ధుణ్నీ కింద గనినీ ఇచ్చింది. జపాన్ ఆక్రమణ కాలంలో గనుల్లో వేలాది కూలీలు చచ్చారు. కొత్త చైనాకు కరెంటు కోసం ఇక్కడి బొగ్గు కావాల్సి వచ్చింది. 1992 నాటికి పూర్తయిన దాతోంగ్–చిన్‌హ్వాంగ్‌దావ్ రైల్వే, 653 కిలోమీటర్ల పొడవున, ఒక్క బొగ్గు కోసమే వేసిన లైను. 2018లో దాని మీద 45 కోట్ల టన్నులు కదిలాయి. ఊళ్లోని ఫ్యాక్టరీ 1988 దాకా ఆవిరి ఇంజన్లు తయారు చేసింది. ఇదంతా దేశానికి వెలుగు. శిల్పాలకు మసి. లారీల రోడ్డు గుహల ముందు నుంచే పోయేది. బొగ్గుదుమ్ము విగ్రహాల భుజాల మీద, ఒడిలో పేరుకుని, పొగలోని గంధకంతో, తేమతో కలిసి రాయిని తినేసింది. 1973 సెప్టెంబరులో ఫ్రాన్స్ అధ్యక్షుడు పాంపిడూను వెంటబెట్టుకుని వచ్చిన ప్రధాని జౌ ఎన్‌లై మూడేళ్లలో బాగుచేస్తామని అక్కడికక్కడే మాటిచ్చాడు. కూలబోయే గుహలను అప్పుడు నిలబెట్టారు. రోడ్డును దూరంగా మళ్లించింది మాత్రం 1998లో.

ఇక ఆ గోడ. 2008లో మేయరుగా వచ్చిన గెంగ్ యెన్‌బో, గనులు ఎప్పటికైనా అయిపోతాయి, మిగిలేది చరిత్రేనని లెక్కేశాడు. యూహె నదికి తూర్పున కొత్త ఊరు కడదాం, పడమటి పాత ఊరిని మింగ్ కాలపు రూపానికి తెద్దాం అన్నాడు. ఇటుక రాలిపోయి మట్టిదిబ్బలా మిగిలిన గోడకు కొత్త ఇటుక తొడిగాడు, బురుజులు లేపాడు, ఆలయాల చుట్టూ కొత్త ప్రాంగణాలు కట్టించాడు. అందుకోసం వేలాది కుటుంబాల ఇళ్లు కూల్చేశారు. 'కూల్చేసే గెంగ్' అని జనం పేరు పెట్టారు. నగరం మీద పెద్ద అప్పు పడింది. విచిత్రం ఏమిటంటే, 2013లో ఆయనను బదిలీ చేస్తే అదే ఊరి జనం ఆయన ఉండాలంటూ వీధుల్లోకి వచ్చారు. సగంలో ఆగిన పనులు ఏమవుతాయోనన్న టెన్షన్ కొందరిదైతే, ఊరికి మొదటిసారి ఎవరో ఏదో చేశారన్న అభిమానం మరికొందరిది. తర్వాత మిగతా గోడ కూడా పూర్తయింది. 2019లో కేంద్ర శాఖలు పాత ఊరిని భారీగా కూల్చి కట్టినందుకు దాతోంగ్‌ను పేరు పెట్టి మందలించాయి. 1982లో చారిత్రక నగరాల తొలి జాబితాలో చేర్చిన ఊరిని ఇలా మందలించాల్సి రావడం చిన్న విషయం కాదు.

నా మాట చెప్పాలంటే, గోడకు ఇటుక తొడగడాన్ని తప్పు పట్టలేను. మింగ్ సేనాని చేసిందీ అదే, పాత మట్టి మీద కొత్త ఇటుక. తప్పు పట్టేది గోడ లోపల జరిగినదాన్ని. తరతరాలుగా కాపురమున్న వీధులను, చిన్న వాకిళ్లను తీసేసి 'పాతకాలపు' దుకాణాలు కట్టడం చరిత్రను కాపాడటం అనిపించుకోదు. కొత్తగా కట్టినది కొత్తదని బోర్డు పెట్టినా చాలు, చూసేవాళ్లకు న్యాయం చేసినట్టవుతుంది.

వెళ్లాలనుకునేవాళ్లకు ఇప్పుడు దారి సులువు. 2019 చివర మొదలైన హైస్పీడ్ రైల్లో బీజింగ్ నుంచి సుమారు రెండు గంటలు. చలికాలం ఎముకలు కొరికేస్తుంది, మే నుంచి సెప్టెంబరు దాకా మంచిది. తిండికి కొరత లేదు. పిండిముద్దను ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో వంపు తిరిగిన కత్తితో పొరలు పొరలుగా మరిగే నీళ్లలోకి చెక్కే నూడుల్స్, పైన పంది మాంసం పులుసు, నాలుగు చుక్కల షాన్‌షీ వెనిగర్. మాంసం తిననివాళ్లు టమాటా, గుడ్డు పులుసుతో అడగవచ్చు. 2024 ఆగస్టులో వచ్చిన 'బ్లాక్ మిత్: వుకోంగ్' అనే వీడియో గేమ్‌లో యున్‌గాంగ్, వేలాడే ఆలయం కనిపించాక కుర్రకారు రాక బాగా పెరిగింది. ఆ గేమ్‌కు మూలమైన కథలో కోతివీరుడు కాపు కాసేది హ్యూయెన్‌త్సాంగ్‌కే. మన ధాన్యకటకానికి కూడా వచ్చి చదువుకుని వెళ్లిన ఆయనే ఈయన.

వేలాడే ఆలయం దాతోంగ్ నుంచి అరవై కిలోమీటర్ల పైన, హెంగ్‌షాన్ పర్వతపు కొండచరియ మీద ఉంటుంది. పుట్టుక 491లో అంటారు. రాతిలో లోతుగా దిగగొట్టిన దూలాలే బరువు మోస్తాయి, కింద కనిపించే సన్నని కర్రలు చూపుకే ఎక్కువ. ఒక గదిలో బుద్ధుడు, లావోట్సె, కన్‌ఫ్యూషియస్ ముగ్గురూ పక్కపక్కన కూర్చుంటారు. ఎవరు వచ్చి ఏలుతారో తెలియని సరిహద్దులో ముగ్గురికీ మొక్కి ఉంచడం మంచిదని అనుకున్నారేమో.

అక్కడి దాకా వెళ్తే యింగ్‌షియెన్ గోపురం చూడకుండా తిరిగి రాకండి. అది పక్క జిల్లాది. 1056లో ఖితాన్లు కట్టిన కలప కట్టడం, 67.31 మీటర్ల ఎత్తు. భూకంపాలకు, ఫిరంగి గుండ్లకు తట్టుకుంది. ఇప్పుడు రెండో అంతస్తు దగ్గర ఒక పక్కకు ఒరుగుతోంది, పై అంతస్తులకు ఎవరినీ ఎక్కనివ్వడం లేదు. విప్పి మళ్లీ బిగించాలా, పైభాగాన్ని ఎత్తి పట్టి మరమ్మతు చేయాలా, లోపల ఊతాలిచ్చి వదిలేయాలా అన్నది నిపుణులు దశాబ్దాలుగా తేల్చుకోలేకపోతున్నారు. ముక్కలు విప్పితే వెయ్యేళ్ల కలపలో ఎంత భాగం మళ్లీ పనికొస్తుంది, పనికిరానిదాన్ని మార్చాక దాన్ని ఖితాన్ల గోపురం అనవచ్చా అన్నదే వాళ్ల భయం. అందుకే అక్కడ రోజూ చేస్తున్న పని కొలవడం, ఎంత ఒరిగిందో రాసుకోవడం.